అక్క తొలి కాన్పుకి వస్తోంది: ఇల్లూ పెరడూ సిద్ధం చేయాలి, ఏ పని ముందు?

తెనాలి_తమ్ముడు | జూన్ 9
అందరికీ నమస్కారం. అక్కకి డాక్టరు అక్టోబరు రెండో వారం అని చెప్పారు. శ్రావణంలో సీమంతం చేసి ఇక్కడికి తీసుకొస్తాం. మూడో నెల వెళ్ళాక బిడ్డతో అత్తారింటికి వెళ్తుంది, మళ్ళీ వేసవిలో వచ్చి రెండు నెలలు ఉంటుంది.

ఇల్లు 1994లో కట్టింది. స్లాబు, రెండు పడగ్గదులు, ముందు పక్కకి జరిగే ఇనప గేటు. వెనక పెరట్లో రెండు కొబ్బరిచెట్లు, మునగ, మామిడి, పచ్చగన్నేరు, ఎర్రగన్నేరు, అమ్మ పూజకి వేసుకున్న బిళ్ళగన్నేరు, వాడని నుయ్యి, నీళ్ళ సంపు, పాత రుబ్బురోలు, ఇటుకల గుట్ట, కొబ్బరిమట్టల కుప్ప. ఓ మూల వయ్యారిభామ కూడా మొలిచింది. నాన్న ఇల్లంతా రంగులు వేయిద్దాం అంటున్నారు. అమ్మేమో ముందు దోమల సంగతి చూడమంటోంది. చేతిలో రెండు నెలలు. ఎక్కడ మొదలెట్టాలి?

నర్సమ్మ_రిటైర్డ్ | జూన్ 9
బాబూ, పనులన్నీ ఒకే జాబితాగా రాసుకోకు, మూడు కాలాలుగా విడగొట్టుకో. దుమ్ము, రంగు వాసన, పురుగుమందు ఉండే పనులన్నీ అక్క గుమ్మంలోకి రాకముందే అయిపోవాలి. అక్టోబరు నుంచి జనవరి దాకా పడుకునే బిడ్డ: దోమ, పొగ, పక్క, ఉయ్యాల, ఈ నాలుగే చూడాలి. వేసవిలో వచ్చేది పాకే బిడ్డ: నీళ్ళు, విషపు మొక్కలు, ప్లగ్గులు, గేటు అప్పటి మాట. చాలామంది మూడో కాలానికి కావలసిన ప్లగ్గు మూతలు ఇప్పుడే కొనేసి, మొదటి కాలంలో చేయాల్సిన గోకుడు పని నిండు గర్భిణి ఇంట్లో ఉండగా పెట్టుకుంటారు. తిప్పలన్నీ అక్కడే వస్తాయి.

కాబట్టి మీ నాన్నగారి మాట ముందు. కానీ ఇల్లంతా అక్కర్లేదు.

రంగులపని_గుంటూరు | జూన్ 9
నర్సమ్మ గారితో ఏకీభవిస్తున్నా. తమ్ముడూ, వానాకాలంలో బయటి గోడల జోలికి వెళ్ళకు, అవి సంక్రాంతి తర్వాత చూసుకోవచ్చు. లోపల బాలింత ఉండే గది, హాలు చాలు.

ముందు గోడకి చెమ్మ ఉందేమో చూడు. అడుగు చదరం పాలిథిన్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకి అంటించి ఒక రోజు వదిలెయ్. కాగితం లోపలి వైపు నీటి బొట్లు కనబడితే చెమ్మ గోడలోంచే వస్తోంది. డాబా మీద పగులో, బాత్రూం పైపు కారుడో సరిచేయకుండా రంగు వేస్తే దసరాకే పొక్కులు లేస్తాయి, ఆ పొక్కుల వెనక బూజు పడుతుంది. పసిబిడ్డ గదిలో అసలు పనికిరానిది అదే.

ఇక అసలు సంగతి తలుపులు, కిటికీ చువ్వలు. 1994 ఇల్లంటే అప్పటి ఎనామిల్ రంగులో సీసం ఉండొచ్చు. ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. పాత ఎనామిల్‌ని పొడిగా ఉప్పుకాగితంతో రుద్దితే ఆ దుమ్ము నేల మీద, పరుపుల మీద, చీరల మీద చేరుతుంది. పళ్ళొచ్చే బిడ్డ మొదట కొరికేది కిటికీ చువ్వనే.

చేయాల్సింది ఇది: రంగు గట్టిగా పట్టుకుని ఉంటే గోకొద్దు. సబ్బునీళ్ళతో తుడిచి, నీళ్ళతో తడిపి వాటర్ పేపర్‌తో పైపైన రుద్ది, మీద కొత్త పూత వేయించు. పెచ్చులు లేచినచోట మాత్రం నీళ్ళు చల్లుతూ గీకాలి, కింద పాలిథిన్ పరచాలి, పెచ్చులన్నీ దాన్లోనే మూట కట్టేయాలి. మంటపెట్టి రంగు ఊడదీస్తామంటే ఒప్పుకోకు. పని అయ్యాక చీపురు పట్టొద్దు, తడిగుడ్డతో రెండుసార్లు తుడవాలి. మొత్తం జులై రెండో వారానికల్లా ముగించి, తర్వాత మూడు నాలుగు వారాలు కిటికీలు తెరిచి ఉంచు. డబ్బా మీద తక్కువ వాసన అని రాసున్నా సరే, ఆ గడువు తగ్గించొద్దు.

నర్సమ్మ_రిటైర్డ్ | జూన్ 9
గది గోడకి తెలుపో, లేత గోధుమో వేయించండి. పసుపు, ఆకుపచ్చ వద్దు. పసుపు గోడ, పసుపు బల్బు ఉన్న గదిలో పసికందుకి కామెర్లు వచ్చినా కంటికి ఆనవు. బాలింత గదిని చీకటిగా ఉంచే అలవాటు మన ఇళ్ళలో ఇంకా ఉంది. పగలు కిటికీ వెలుతురు పడాలి, రాత్రికి తెల్లటి ట్యూబులైటు ఒకటి ఉండాలి. మొదటి వారమంతా రోజూ పగటి వెలుతురులో బిడ్డ ఒళ్ళు, కళ్ళ తెల్లగుడ్డు చూసుకోవాలి.

ఇంకొకటి, ఎవరూ అనుకోనిది. పురిటి బిడ్డకి మెత్తగా ఉంటాయని పాత పంచెలు, పాత నూలుచీరలు బీరువా అడుగు నుంచి తీస్తారు. అక్కడ కలరా ఉండలు వేసి ఉంటాయి. జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉన్న పిల్లలకి ఆ ఉండల్లోని నాఫ్తలీన్ వాసన తగిలినా ఎర్రరక్తకణాలు చితికిపోయి కామెర్లు ముదురుతాయి. పుట్టగానే ఆ లోపం ఉందో లేదో మనకి తెలియదు. అందుకని ఇవాళే బీరువాలోంచి ఆ ఉండలు తీసి పారెయ్యండి, బదులుగా ఎండిన వేపాకు పెట్టుకోండి. ఉండలతో కలిసి ఉన్న బట్టలు ఎన్నిసార్లు ఎండబెట్టినా పసిబిడ్డకి వద్దు. వేరే పాత నూలుబట్టలు చూసుకుని, ఉతికి, ఎండలో ఆరేసి దాచండి.

పెరటి_పాదు | జూన్ 10
పెరడు నాకొదిలెయ్యండి.

గన్నేర్లు మూడూ తీయాల్సినవే. పచ్చగన్నేరు కాయ, ఎర్రగన్నేరు ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ గుండె మీద పనిచేసే విషాలే. బిళ్ళగన్నేరు విషం పనిచేసే తీరు వేరు, కానీ అదీ విషమే, పైగా పాకే బిడ్డకి చేతికందే ఎత్తులో ఉంటుంది. ఎత్తుగా ఉన్న పచ్చగన్నేరుతో ప్రమాదమేంటి అనుకోవద్దు, దాని కాయలు కింద రాలతాయి, లోపలి గింజలు నోట్లో పెట్టుకుంటే ప్రాణాపాయం.

తీసేటప్పుడు చేతులకి రబ్బరు తొడుగులు, కళ్ళకి అద్దాలు. పాలు కళ్ళలో పడితే మంట. నరికిన కొమ్మల్ని తగలబెట్టొద్దు, ఆ పొగ కూడా విషమే. మేకలకి, గేదెలకి అందేలా గట్టు మీద పడేయొద్దు. వేరుతో సహా తవ్వి, రెండడుగుల గోతిలో పూడ్చెయ్, లేదా మునిసిపాలిటీ చెత్తబండికి వేరే మూటగా ఇవ్వు. మొదలు భూమిలో ఉండిపోతే వానలకి మళ్ళీ చిగురిస్తుంది. ఆగస్టులో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి చూసి పీకెయ్యాలి.

అమ్మగారి పూజకి మందారం, పారిజాతం, నూరువరహాలు వేసుకోండి. వానాకాలమే కాబట్టి నర్సరీలో అడుగున్నర మొక్క తెచ్చి నాటితే కార్తీకానికి పూలు చూడొచ్చు.

చుట్టూ ఇంకేమున్నాయో కూడా చూడు: ఉమ్మెత్త, ఆముదం, కంచె మీద గురివింద, జిల్లేడు. గురివింద గింజ ఎర్రగా నల్లమచ్చతో ముచ్చటగా ఉంటుంది కాబట్టి పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. హాల్లో మనీప్లాంట్, డిఫెన్‌బాకియా కుండీలుంటే వేసవికి పైకి ఎక్కించు. వాటి ఆకు కొరికితే నోరు, నాలుక వాస్తాయి.

వయ్యారిభామ పూతకి రాకముందే తొడుగులు వేసుకుని వేరుతో పీకాలి. పూత వచ్చిందంటే దాని పుప్పొడికి దద్దుర్లు, ఆయాసం. ఖాళీ స్థలంలో అయితే లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి ఎండలో చల్లితే మాడిపోతుంది. కూరపాదుల దగ్గర మాత్రం ఆ ఉప్పునీళ్ళు వాడొద్దు, నేల పాడవుతుంది.

మునగ ఉంచు. బాలింతకి ఆకు పనికొస్తుంది. అయితే బిడ్డ బట్టలారేసే తీగ ఆ చెట్టు కింద కట్టొద్దు. వానాకాలంలో మాను మీద గొంగళిపురుగులు గుంపులుగా చేరతాయి, వాటి నూగు గుడ్డకి అంటితే బిడ్డ ఒళ్ళంతా దద్దుర్లు. ఆ గుంపు మాను మీద ఉన్నప్పుడే పొడవాటి కర్రకి చుట్టిన గుడ్డ దివిటీతో కాల్చేయాలి. తీగ పొద్దుటి ఎండ పడేచోట, కొబ్బరిచెట్టుకి దూరంగా కట్టు. ఆగస్టులోపు చెట్టెక్కే మనిషిని పిలిచి ఎండుమట్టలు, ముదురు గెలలు దింపించు.

అక్క వచ్చాక మొక్కల పని చేయాలనిపిస్తే తొడుగులు లేకుండా మట్టిలో చెయ్యి పెట్టనివ్వొద్దు. పిల్లులు పెరట్లో మట్టి తవ్వి మలవిసర్జన చేస్తాయి, దాన్నుంచి టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి సోకితే కడుపులో బిడ్డకి హాని.

తెనాలి_తమ్ముడు | జూన్ 10
గన్నేరు తీయడానికి అమ్మ ఒప్పుకుంది, నూరువరహాలు మాటతో. దోమల గురించి ఎవరైనా చెప్పండి. మెష్ ఏది వేయించాలి?

తాపీమేస్త్రి_మంగళగిరి | జూన్ 10
రెండు రకాలు. ఫైబర్ మెష్ అయితే చవక, వెల్క్రోతో అంటిస్తారు. ఎలుక కొరికేస్తుంది, మన తేమకి రెండో ఏడు వెల్క్రో ఊడుతుంది. అంటించేముందు చెక్క మీద దుమ్ము, నూనె లేకుండా తుడవకపోతే నెలకే జారుతుంది. కొత్తగా రంగు వేసిన ఫ్రేముకి వారం ఆగి అంటించాలి. 304 రకం స్టీలు మెష్‌ని అల్యూమినియం చట్రంలో బిగిస్తే పదేళ్ళు చూసుకోనక్కర్లేదు. డబ్బు సరిపోకపోతే బిడ్డ గదికి స్టీలు, మిగతావాటికి ఫైబర్.

అందరూ కిటికీకి మెష్ వేసి మూడు కన్నాలు వదిలేస్తారు: బాత్రూం వెంటిలేటరు, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను చుట్టూ ఉండే ఖాళీ, తలుపు కింద సందు. తలుపు కిందకి రబ్బరు పట్టీ కొట్టించు, పాముకీ అదే అడ్డు.

సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టం చివర కూడా చూడు. దానికి నైలాన్ వల కట్టి తీగతో బిగించకపోతే రాత్రి కుట్టే క్యూలెక్స్ దోమలు గుంపులుగా అక్కణ్ణుంచే వస్తాయి. పది నిమిషాల పని. ట్యాంకు మూతల చుట్టూ పగుళ్ళుంటే సిమెంటుతో మూసెయ్.

నర్సమ్మ_రిటైర్డ్ | జూన్ 10
డెంగీ దోమ పగలే కుడుతుంది. కాన్పు సరిగ్గా డెంగీ కాలం చివర్లో పడుతోంది, కాబట్టి బిడ్డ పగలు పడుకున్నా తెర ఉండాలి.

గుడ్డు దోమ కావడానికి 7 నుంచి 10 రోజులు పడుతుంది. అందుకే వారానికోసారి నీళ్ళు పారబోయమంటారు. కానీ పారబోస్తే చాలదు. ఈ దోమ గుడ్లు పాత్ర గోడకి అంటుకుని ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్ళీ నీళ్ళు పడగానే పొదుగుతాయి. గట్టి బ్రష్‌తో రుద్దాలి. ప్రతి శుక్రవారం చూడాల్సినవి: ఆ పాత రుబ్బురోలు (బోర్లా వేసెయ్, లేదా ఇసుకతో నింపెయ్), ఫ్రిజ్ వెనక ట్రే, కుండీల కింద పళ్ళేలు, కూలరు, సన్‌షేడ్ మీద నిలిచిన నీళ్ళు, కొబ్బరిచిప్పలు. వాడని నూతిలో దోమపిల్లల్ని తినే గంబూసియా చేపలు వేయించండి, మలేరియా విభాగం వాళ్ళని అడిగితే ఇస్తుంటారు.

రెండు నెలల లోపు బిడ్డకి ఏ దోమల క్రీమూ రాయొద్దు. గది తలుపులేసి కాయిల్ వెలిగించొద్దు. గొడుగు దోమతెర మంచిదే, కానీ మంచం అంచున పెట్టకండి, పరుపు నేల మీద వేసి పెట్టండి. వేసేముందు లోపల దోమ లేదని చూడండి.

కోడలు_కాకినాడ | జూన్ 11
మరి సాంబ్రాణి? స్నానం చేయించాక ధూపం పట్టకుండా మా అత్తగార్లు, అమ్మలు ఊరుకుంటారా?

నర్సమ్మ_రిటైర్డ్ | జూన్ 11
ఊరుకోరు, తెలుసు. నెత్తి ఆరడానికి అంటారు. మెత్తటి తువ్వాలుతో అద్దితే రెండు నిమిషాల్లో ఆరుతుంది. పొగ బిడ్డ ఊపిరితిత్తులకి ఏ విధంగానూ మేలు కాదు. పట్టుబడితే ఒక దారి: బిడ్డ, తల్లి హాల్లో ఉండగా ఖాళీ గదిలో ధూపం వేసి, కిటికీలు తెరిచి, పొగంతా పోయాక లోపలికి తీసుకురావడం. నిప్పుల కుంపటి మాత్రం మూసిన గదిలో ఏ కారణానికీ వద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. బాత్రూంలో గ్యాస్ గీజరున్నా ఇదే ముప్పు, దాన్ని బయటికి మార్పించండి.

కోడలు_కాకినాడ | జూన్ 11
ఖాళీ గది ఉపాయం నడుస్తుందండీ. థాంక్యూ.

పాముల_నేస్తం | జూన్ 12
ఇటుకల గుట్ట, మట్టల కుప్ప అన్నావు. గర్భిణి రాకముందు తీయాల్సిన వాటిలో అవి మొదటివి. ఎలకలు చేరేది అక్కడే, వాటి కోసం పాములొచ్చేదీ అక్కడికే. తీసేటప్పుడు చేత్తో ఎత్తొద్దు, పొడవాటి పారతోనో కర్రతోనో కదిలించి, బూట్లేసుకుని, పట్టపగలు చేయాలి. రాత్రి ఇంట్లోకి దూరి నేల మీద పడుకున్నవాళ్ళని కరిచేది ఎక్కువగా కట్లపాము. కాటు నొప్పి తెలియదు, గుర్తు కూడా సరిగా కనబడదు. అందుకని నేల మీద పక్కేస్తే దోమతెర అంచులు పరుపు కిందకి దోపాలి, అడుగున కూడా గుడ్డ ఉండే గొడుగు తెర అయితే మరీ మంచిది.

నర్సమ్మ గారు నేల మీద పరుపు అన్నారు కాబట్టి ఇంత చెప్పాను. ఆ గది మోరీ కన్నానికి జాలీ, తలుపు కింద పట్టీ పడ్డాకే నేల పక్క వేయండి.

ఫినాయిలు, కార్బాలిక్ యాసిడ్, వెల్లుల్లి, పాము మొక్క, వీటివల్ల పాములు రావన్నది ఉత్తమాట. కార్బాలిక్ యాసిడ్ ఒళ్ళు కాలుస్తుంది కూడా, పిల్లలున్న ఇంట్లో ఉంచొద్దు. మామిడి కొమ్మలు డాబాని తాకుతుంటే కొట్టించు. కాటు పడితే కట్టు కట్టొద్దు, కొయ్యొద్దు, 108కి ఫోన్ చేసి విరుగుడు మందున్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

తాపీమేస్త్రి_మంగళగిరి | జూన్ 12
ఉయ్యాల మాట ఎవరూ ఎత్తలేదు. ఫ్యాను కొక్కానికే చీర కట్టేస్తారు, అది వద్దు. ప్లాస్టిక్ ప్లగ్గు, చెక్క స్క్రూ కలిపి స్లాబుకి బిగించినా ఊగే బరువుకి వదులై ఊడొస్తుంది. స్లాబు పోసేటప్పుడే కడ్డీకి కట్టిన కొక్కెం ఉంటే తుప్పు చూసి వాడుకో. లేకపోతే స్లాబుకి ఈ పక్క నుంచి ఆ పక్కకి కన్నం వేసి, 12 మి.మీ. కడ్డీ కొక్కానికి పైన పలక, నట్టు వేయించి, డాబా మీద ఆ చోట నీళ్ళు దిగకుండా పూత పెట్టించాలి. వాడేముందు ఇద్దరు పెద్దవాళ్ళు వేలాడి చూడండి.

నర్సమ్మ_రిటైర్డ్ | జూన్ 12
చీర ఉయ్యాలలో బిడ్డ గడ్డం ఛాతీకి ఆనుకుంటే ఊపిరి దారి మూసుకుంటుంది. పైన అడ్డకర్ర పెట్టి చీర విడిగా ఉండేలా చూడాలి. పగలు, ఎవరో ఒకరు కళ్ళెదుట ఉన్నప్పుడే. రాత్రి నిద్రకి చదునైన గట్టి పరుపు, వెల్లకిలా, దిండు లేకుండా. ఆవాల దిండు తల గుండ్రంగా రావడానికి అంటారు, దాని అవసరం లేదు. బోర్లా పడే వయసు రాగానే ఉయ్యాల విప్పెయ్యాలి. చెక్క తొట్టి కొంటే చువ్వల మధ్య సందు 6 సెం.మీ. దాటకూడదు. పరుపుకి, అంచుకి మధ్య రెండు వేళ్ళు పడితే ఆ పరుపు చిన్నదన్నమాట.

కరెంటు_గురూ | జూన్ 13
1994 వైరింగు అంటే ఎర్త్ ఉందో లేదో అనుమానమే. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి రెండు పనులు చేయించు: ఎర్త్ నిరోధం కొలిపించు, మెయిన్ దగ్గర, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించు. ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడే స్విచ్చు) ఉందిగా అంటారు, అది వైరుని కాపాడుతుంది, మనిషిని కాదు. నెలకోసారి ఆర్‌సీసీబీ మీద 'T' అని ఉండే పరీక్ష బొత్తం నొక్కు, అది పడిపోయి కరెంటు ఆగాలి. పడకపోతే మార్పించు.

అడుగు ఎత్తులో ఉన్న సాకెట్లు వేసవిలోపు షట్టరున్నవాటికి మార్చు. ఊడొచ్చే ప్లాస్టిక్ మూతలు వద్దు, అవే నోట్లోకి పోతాయి. ఇనప బాడీ కూలరు ఎర్త్ లేకుండా పాకే బిడ్డ ఉన్న గదిలో వద్దు. ఇన్వర్టరు బ్యాటరీ పడగ్గదిలో ఉంటే బయటి వరండాకి మార్చు. చార్జయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, లోపల యాసిడ్ ఉంటుంది.

తెనాలి_తమ్ముడు | జూన్ 15
మట్టలు, ఇటుకలు తీసేశాం. నుయ్యికి, సంపుకి, గేటుకి ఏం చేయాలో కూడా ఎవరైనా చెబితే వెల్డింగ్ అతన్ని ఒకేసారి పిలుస్తా. ఇంకో సందేహం. ఆర్‌సీసీబీ పెట్టించాం, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా పడిపోతోంది. ఎలక్ట్రీషియన్ తీసేద్దామంటున్నాడు.

తాపీమేస్త్రి_మంగళగిరి | జూన్ 15
నూతికి 12 మి.మీ. కడ్డీలతో జాలీ, కడ్డీకీ కడ్డీకీ మధ్య 10 సెం.మీ. మించకుండా. ఒక పక్క తలుపు, తాళం. కింద దోమల మెష్ కట్టించు. సంపుకి తాళం పడే ఫైబర్ మూత. రేకు ముక్కలు, చెక్కలు కప్పి వదిలేయొద్దు. వేసవిలో బకెట్లలో నీళ్ళు పట్టి వదలడం కూడా ఇవాళ్టి నుంచే మానుకోండి, బిడ్డ మునగడానికి జానెడు నీళ్ళు చాలు.

జరిగే గేటుకి పట్టా రెండు చివర్లా ఆపుడు ముక్క వెల్డ్ చేయించు. అది లేకే గేటు పట్టా దాటి పక్కకి పడిపోతుంది, పిల్లలు ఊగేది కూడా దాని మీదే. పైన పట్టుకునే రోలర్లు రెండూ గట్టిగా ఉన్నాయా చూడమను.

కరెంటు_గురూ | జూన్ 15
తీయనివ్వకు. ఇన్వర్టరు లైన్ల న్యూట్రల్‌ని మెయిన్ న్యూట్రల్‌తో కలిపేసి ఉంటారు. ఫేజు ఒక దారిన వెళ్ళి న్యూట్రల్ ఆర్‌సీసీబీ పక్క నుంచి తిరిగి వస్తే, లెక్క సరిపోక అది కరెంటు లీకవుతోందనుకుని పడిపోతుంది. ఇన్వర్టరు మీద నడిచే లైట్లు, ఫ్యాన్ల న్యూట్రల్ వైర్లన్నీ విడిగా లాగించి ఇన్వర్టరు అవుట్‌పుట్ న్యూట్రల్‌కే కలపమను. తర్వాత ఒక్కో సర్క్యూట్‌నీ వేసి చూస్తే ఎక్కడ కలిసిందో తేలుతుంది. ఎక్కువగా హాలు స్విచ్ బోర్డులోనో, మెట్ల లైటు దగ్గరో దొరుకుతుంది. ఆ ఇన్వర్టరు లైన్లకి వేరే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. కరెంటు పోయి ఇన్వర్టరు నడుస్తున్నప్పుడు మెయిన్‌ది ఆ తర్వాతి తీగల మీద లీకుని పట్టుకోదు, బిడ్డ గది ఫ్యాను నడిచేదేమో వాటి మీదే.